చిన్న టిన్‌లో కేక్: ఎంత వేడి పెట్టాలి, ఎన్ని నిమిషాలు ఉంచాలి?

కిలో కేక్‌కు సాధారణంగా 8 అంగుళాల టిన్ వాడతారు, అర కిలోకైతే 6 అంగుళాలది. వీడియోల్లో, పుస్తకాల్లో కొలతలు చాలావరకు 8 లేదా 9 అంగుళాల టిన్‌కే ఉంటాయి. అదే టైము, అదే వేడి పెట్టి చిన్న టిన్‌ను ఓవెన్‌లోకి తోసేస్తే రెండిట్లో ఏదో ఒకటి జరుగుతుంది. అంచులు ఎండిపోయి రస్క్‌లా తయారవుతాయి, లేదంటే పైన నల్లబడి మధ్యలో పచ్చిగా మిగిలిపోతుంది. ఇంటి నుంచి ఆర్డర్లు తీసుకునేవాళ్లకు ఇది మామూలు నష్టం కాదు. గుడ్లు, వెన్న, కోకో పోతాయి, సాయంత్రం అకీఖా దావత్‌కు ఇవ్వాల్సిన కేక్ మళ్లీ మొదటి నుంచి చేయాలి.

ఈ రెండు తప్పులకూ కారణాలు వేరు. టిన్ చిన్నదా పెద్దదా అన్నది ఒక్కటే చూస్తే సరిపోదు. అందులో బ్యాటర్ ఎంత లోతుగా ఉందో చూడాలి.

ముందు కొలత సంగతి. 8లో 6 అంటే ముప్పావే కదా అని ముప్పావు వంతు బ్యాటర్ పోస్తే లెక్క తప్పుతుంది. వెడల్పును వెడల్పుతోనే గుణించాలి. 6 ఆర్లు 36, 8 ఎనిమిదులు 64. 36ను 64తో భాగిస్తే 0.56, అంటే సగం కంటే కాస్త ఎక్కువ. అదే 9 అంగుళాల కొలతైతే 6 అంగుళాల టిన్‌కు 0.44 వంతు చాలు. 8 నుంచి 7కు దిగితే 0.77. చిక్కంతా గుడ్ల దగ్గర వస్తుంది. 4 గుడ్ల కొలత ఉంటే 2 గుడ్లకు తగ్గించి, మిగతావన్నీ సగం చేసుకోవడం తేలిక. 3 గుడ్లుంటే, పెంకు తీసిన గుడ్డు సుమారు 50 గ్రాములు కాబట్టి, గిలక్కొట్టి 85 గ్రాములు తూచుకోవాలి.

ఇలా కొలత తగ్గించి పోస్తే బ్యాటర్ లోతు పెద్ద టిన్‌లో ఉన్నంతే ఉంటుంది. అప్పుడు వేడి మార్చక్కర్లేదు, 180 డిగ్రీలే ఉంచి టైము తగ్గించాలి. టిన్ గోడల నుంచి వేడి లోపలికి పాకుతుంది. మధ్య భాగం గోడలకు దగ్గరైన కొద్దీ త్వరగా ఉడుకుతుంది. 8 అంగుళాల స్పాంజ్‌కు 30–35 నిమిషాలు పడితే, 6 అంగుళాలదానికి 25 నిమిషాలు, కాస్త అటూ ఇటూ. 20వ నిమిషం నుంచే చూడటం మొదలుపెట్టాలి. కప్ కేక్‌లకు 15 నుంచి 20 నిమిషాలు చాలు. టిన్ లోపల పెట్టి నమాజ్‌కు వెళ్లే అలవాటు ఉన్నవాళ్లు ఇక్కడే జాగ్రత్తపడాలి. పెద్ద కేక్ ఐదు నిమిషాల ఆలస్యాన్ని కొంత తట్టుకుంటుంది, కప్ కేక్ తట్టుకోదు.

కొలత తగ్గించకుండా మొత్తం బ్యాటర్ చిన్న టిన్‌లోనే పోస్తే కథ తిరగబడుతుంది. లోతు దాదాపు 1.8 రెట్లవుతుంది. 180 డిగ్రీల్లో అంచులు ముందే గట్టిపడిపోతాయి, మధ్యలో ఇంకా పొంగుతున్న బ్యాటర్ పైకప్పును చీల్చుకుని వస్తుంది. అందుకే వేడి 160–165కు తగ్గించి 45 నుంచి 55 నిమిషాలు ఉంచాలి. టిన్ ఎత్తు 3 అంగుళాలైనా ఉండాలి, మూడింట రెండు వంతులకు మించి నింపకూడదు. ఎలాగూ మధ్యలో క్రీమ్ రాస్తారు కాబట్టి, ఒకే లోతైన కేక్ కంటే రెండు 6 అంగుళాల టిన్లలో పంచి పోయడమే మేలు. 8 అంగుళాల కొలత రెండిటికీ దాదాపు సరిగ్గా సరిపోతుంది.

విదేశీ కొలతల్లో 350 అని ఉంటే అది ఫారెన్‌హీట్, మన లెక్కలో 175–180. 325 అంటే సుమారు 163. ఓవెన్‌లో ఫ్యాన్ తిరుగుతుంటే 20 డిగ్రీలు తగ్గించాలి. నల్ల టిన్ అయినా, గాజు పాత్ర అయినా 10–15 తగ్గించాలి. 16, 20 లీటర్ల చిన్న ఓటీజీల్లో పై రాడ్ కేక్‌కు మరీ దగ్గరగా ఉంటుంది. పైన త్వరగా ఎరుపెక్కితే ఫాయిల్ కప్పొచ్చు, కానీ కేక్ పైభాగం గట్టిపడ్డాకే. అంతకుముందే తలుపు తీస్తే మధ్యలో కుంగిపోతుంది.

ఓవెన్ లేని ఇంట్లో మందపాటి దేగ్చీ అడుగున స్టాండ్ పెట్టి, మూతపెట్టి పది నిమిషాలు వేడిచేసి టిన్ దించుతారు. ఇక్కడ డిగ్రీల లెక్క ఉండదు, సన్నని మంటే ఆధారం. 6 అంగుళాలదానికి 35–45 నిమిషాలు పట్టొచ్చు.

ఏ పద్ధతైనా టైము కంటే పుల్లను నమ్మాలి. సరిగ్గా మధ్యలో గుచ్చి తీస్తే తడి బ్యాటర్ అంటకూడదు, ఒకటి రెండు పొడి తునకలుంటే ఫర్వాలేదు. వేలితో నొక్కితే పైకి లేవాలి, అంచులు టిన్ నుంచి కొద్దిగా విడివడాలి.

ఇఫ్తార్‌కు క్రీమ్ కేక్ అనుకుంటే వెనక నుంచి లెక్క వేసుకోవాలి. ఓవెన్ వేడెక్కడానికి 15 నిమిషాలు, కేక్‌కు 25, టిన్‌లో చల్లారడానికి 10, బయట కనీసం ఒక గంట. కాబట్టి అసర్‌కు ముందే కేక్ ఓవెన్‌లోంచి బయటికి రావాలి, వెచ్చటి కేక్ మీద క్రీమ్ నిలవదు. అంచులు ఎండితే పారేయకుండా కోసి చక్కెర నీళ్లు చిలకరించవచ్చు, లేదా ముక్కలు చేసి పైన చల్లటి కస్టర్డ్ పోస్తే పిల్లలు వంక పెట్టకుండా తింటారు.