వైద్యసేవకు వీలునామా దానం

తన తదనంతరం ఆస్తిలో కొంతగానీ అంతాగానీ ఆసుపత్రికో, పేద రోగులను ఆదుకునే ట్రస్టుకో, వైద్య పరిశోధన సంస్థకో చెందాలని మనిషి ముందుగా రాసిపెట్టడమే వీలునామా దానం. భారతదేశంలో ఇటువంటి రాతలకు ప్రధాన ఆధారం 1925 నాటి భారత వారసత్వ చట్టం. బతికుండగానే ఆస్తిని దఖలుపరిచి, దాని అనుభవాన్ని మాత్రం చివరిదాకా తన దగ్గరే ఉంచుకునే పద్ధతిని కూడా దీనితోపాటే చెప్పుకోవాలి.

'ధర్మం' అన్న మాట చాలదు

"మిగిలింది ధర్మానికి పెట్టండి" అని ఇంటి పెద్ద చెబితే వినేవాళ్లకు విషయం అర్థమవుతుంది. కోర్టుకు మాత్రం అది చాలదు. బొంబాయి నుంచి వెళ్లిన ఒక కేసులో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ 1899లో ఈ సంగతి తేల్చింది. 'ధర్మం' అనే పదానికి న్యాయం, పుణ్యం, కర్తవ్యం అంటూ ఎన్నో అర్థాలున్నాయి. ధర్మకర్తలు సొమ్మును దేనికి వెచ్చించాలో, దారి తప్పితే వారిని ఏ కొలతతో సరిదిద్దాలో ఆ మాటను బట్టి తెలియదు. కాబట్టి ఆ దానం చెల్లదు అన్నది తీర్పు సారాంశం. మన భాషలో ఇంత బరువున్న మాటను అస్పష్టం అనడం కఠినమే. అయినా రాసేవాళ్లు తప్పనిసరిగా తెలుసుకోవలసిన తీర్పు ఇది, ఎందుకంటే అటువంటి మాట రాసి వెళ్లిపోయిన మనిషి తిరిగొచ్చి తన ఉద్దేశం ఇదీ అని చెప్పలేడు.

'ధర్మానికి' బదులు 'హైదరాబాదు క్యాన్సర్ ఆసుపత్రికి' అని రాసినా చిక్కు తీరదు. ఆ నగరంలో ప్రభుత్వం నడిపే ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, 2000లో మొదలైన బసవతారకం ఇండో అమెరికన్ క్యాన్సర్ ఆసుపత్రీ ఉంది. 'వెంకన్నకు' అని రాస్తే ఒకటి, తిరుమల తిరుపతి దేవస్థానం రోగుల కోసం నడిపే ప్రాణదాన ట్రస్టుకు అని రాస్తే మరొకటి. సంస్థ పూర్తి పేరు, రిజిస్ట్రేషన్ సంఖ్య, పాన్, చిరునామా రాసి, ఆ సంస్థ మూతపడితే సొమ్ము ఏ పనికి, ఎవరికి వెళ్లాలో కూడా ఒక వాక్యంలో చెప్పాలి.

రాత, సాక్షులు

పద్దెనిమిదేళ్లు నిండి, మనసు స్థిమితంగా ఉన్న ఎవరైనా వీలునామా రాయవచ్చు. తెల్లకాగితం చాలు, స్టాంపు అక్కర్లేదు. రాసినవారి సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయించుకోవడమే మేలు. ఎప్పుడైనా మార్చుకోవచ్చు, రద్దు చేసుకోవచ్చు. కోర్టులో వీలునామాను రుజువు చేసేటప్పుడు సాక్షుల్లో ఒక్కరైనా వచ్చి చెప్పాలి కాబట్టి, రాసేవారికన్నా చిన్న వయసువారిని సాక్షులుగా పెట్టుకోవడం వివేకం.

ఆసుపత్రి మంచం మీద, ఆ ఆసుపత్రి పేరుకే, అక్కడివాళ్లే దగ్గరుండి రాయించిన వీలునామా ఎంత నిజాయితీగా రాసినదైనా అనుమానానికి తావిస్తుంది. లబ్ధి పొందేవారే ముందుండి రాయించినప్పుడు ఆ అనుమానాలను తీర్చవలసిన భారం వీలునామాను ముందుకు తెచ్చినవారిదేనని సుప్రీంకోర్టు 1959లో చెప్పింది. అందుకే రోగం ముదరకముందే, ఇంటి దగ్గర, పిల్లలకు తెలిసేలా రాయడం అందరికీ క్షేమం.

ఎంత ఇవ్వవచ్చు

స్వార్జితాన్ని హిందువు పూర్తిగా ఇచ్చేయవచ్చు. ఉమ్మడి ఆస్తిలో తన వాటాను వీలునామాలో రాసే హక్కు 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 30వ సెక్షన్‌తో వచ్చింది. ముస్లింలు అంత్యక్రియల ఖర్చులు, అప్పులు పోగా మిగిలినదానిలో మూడో వంతుకు మించి ఇవ్వాలంటే వారసుల సమ్మతి కావాలి.

క్రైస్తవుల విషయంలో చాలాకాలం అన్యాయం జరిగింది. అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల బిడ్డలు గానీ అంతకన్నా దగ్గరి బంధువులు గానీ ఉన్న క్రైస్తవుడు మతానికో, ధర్మకార్యానికో ఆస్తి రాయాలంటే, మరణానికి కనీసం 12 నెలల ముందు వీలునామా రాసి, రాసిన ఆరు నెలల్లోగా దాన్ని చట్టం నిర్దేశించిన చోట దాఖలు చేయాలని భారత వారసత్వ చట్టం 118వ సెక్షన్ షరతు పెట్టింది. ఎప్పుడు పోతామో ఎవరికి తెలుసు? రాసిన ఏడాదిలోపే కన్నుమూసినవారి దానం వ్యర్థమయ్యేది. కేరళకు చెందిన ఫాదర్ జాన్ వల్లమట్టం దీన్ని సవాలు చేయగా, సుప్రీంకోర్టు 2003లో ఆ సెక్షన్‌ను కొట్టివేసింది.

బ్యాంకు డిపాజిట్‌కు నామినీ ఉంటే వీలునామా ఎందుకన్న ప్రశ్న తరచూ వస్తుంది. నామినీ సొమ్ము అందుకునేవాడే, యజమాని కాడు. కంపెనీ వాటాల విషయంలోనూ ఇదే వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో స్పష్టం చేసింది. పైగా వ్యక్తుల డిపాజిట్‌కు నామినీగా మనిషినే పెట్టాలి, సంస్థను పెట్టలేరు. డిపాజిట్ ట్రస్టుకు చేరాలంటే వీలునామాలో రాయాల్సిందే.

ఇల్లు ఒక్కటే ఆస్తిగా ఉండి, దాన్ని ఆసుపత్రికి ఇవ్వాలనుకునే ఒంటరి వృద్ధులకు రిజిస్టర్డ్ దానపత్రం మరో దారి. హక్కు వెంటనే సంస్థకు వెళ్తుంది, దాత జీవితాంతం అందులోనే ఉంటారు. ఇలా అనుభవం తన దగ్గర ఉంచుకున్నంత మాత్రాన దానం చెల్లకుండా పోదని ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2014లో తీర్పునిచ్చింది. అయితే వీలునామాలా దీన్ని మనసు మారినప్పుడు వెనక్కు తీసుకోవడం కుదరదు.

విదేశీ పౌరసత్వం తీసుకున్న తెలుగువారు ఇక్కడి ఆసుపత్రికి రాస్తే, అది విదేశీ విరాళం అవుతుంది. ఆ సంస్థకు 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద అనుమతి ఉందో లేదో రాసేముందే అడిగి తెలుసుకోవాలి.

రెండు ఉదాహరణలు

దొరాబ్జీ టాటా భార్య మెహెర్‌బాయి 1931లో లుకేమియాతో మరణించారు. మరుసటి ఏడు ఆయన ఆమె పేరిట ఆ వ్యాధి పరిశోధనకు ఒక ట్రస్టు పెట్టి, తన సంపదనంతా మరో ట్రస్టుకు అప్పగించి, అదే ఏడాది కన్నుమూశారు. ఆ రెండో ట్రస్టు నిధులతో బొంబాయిలో టాటా మెమోరియల్ ఆసుపత్రి 1941 ఫిబ్రవరి 28న తెరుచుకుంది.

హెన్రీ వెల్కమ్ మందుల వ్యాపారి. అమెరికాలో పుట్టి లండన్‌లో స్థిరపడ్డారు. 1936లో ఆయన చనిపోయాక కంపెనీ వాటాలన్నీ వీలునామా ప్రకారం ధర్మకర్తల చేతికి వచ్చాయి. వాటి ఆదాయం మనుషుల, పశువుల ఆరోగ్యం కోసం జరిగే పరిశోధనకు వెళ్లాలి. బ్రిటన్ మరణపన్నుల భారం వల్ల తొలి ఏళ్లలో ట్రస్టు చేతిలో పెద్దగా సొమ్ము ఆడలేదు. తరవాత అది ప్రపంచంలోని అతిపెద్ద వైద్య పరిశోధన నిధుల్లో ఒకటయింది. భారత బయోటెక్నాలజీ విభాగంతో కలిసి 2008లో అది మొదలుపెట్టిన ఇండియా అలయన్స్ హైదరాబాదు నుంచి పనిచేస్తోంది. భారతదేశంలో మరణపన్ను 1985లోనే పోయింది. బ్రిటన్‌లో వారసత్వ పన్ను సాధారణ రేటు ఇప్పటికీ 40 శాతం. ధర్మసంస్థలకు రాసిన భాగానికి మాత్రం మినహాయింపు ఉంది. అక్కడ వీలునామా దానాలు విరివిగా ఉండటానికి అదొక కారణం.

దేహం విషయం

కళ్లు, అవయవాలు, దేహం దానం చేస్తానని వీలునామాలో రాసేవారున్నారు. చట్టం దృష్టిలో దేహం ఆస్తి కాదు. పైగా కళ్లను సాధారణంగా ఆరు గంటల్లోపే సేకరించాలి. వీలునామా తెరిచేసరికి చాలా ఇళ్లలో పెద్దకర్మ కూడా అయిపోతుంది. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం, కళ్లు, అవయవాల దానానికి ఇద్దరు సాక్షుల ఎదుట విడిగా అంగీకారపత్రం రాయాలి. వారిలో ఒకరు దగ్గరి బంధువు కావాలి. మరణించగానే ఆసుపత్రికి ఫోన్ చేయవలసింది ఆ బంధువే కాబట్టి, పత్రం బీరువాలో కాకుండా వారి చేతిలో ఉండాలి.