ఊదర కుండ చుట్టూ పిల్లలు

ఎలుక కలుగుకు ద్వారం ఒక్కటే ఉండదు. గింజలు దాచే గది ఒకచోట, కూనలను పెట్టే గది మరోచోట, తప్పించుకునే దారులు నాలుగైదు వైపుల ఉంటాయి. యానాది తెగవారు ఈ కలుగులోని ఎలుకలను ఎలా పట్టేవారో ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో వెలువడిన తన దక్షిణ భారత కులాలు, తెగల సంపుటాల్లో రాశాడు. కుండలో గడ్డి కూరి నిప్పు వేస్తారు. కుండ మూతిని కలుగు ద్వారానికి ఆనించి, కుండకు పెట్టిన చిల్లిలోంచి ఊది పొగను లోపలికి తోలుతారు. ఊపిరాడని ఎలుకలు వేరే దారుల వెంట బయటికి దూకితే అక్కడ కాచుకున్నవాళ్ళు పట్టేస్తారు. దీన్నే ఊదర పెట్టడం అంటారు. ఇందులో ఎంతమంది పని ఉందో లెక్కవేసి చూడండి. ఊదడానికి ఒకరు, తవ్వడానికి ఒకరు, మిగిలిన ప్రతి బొక్క దగ్గరా ఒకరు కావాలి. చాలా కుటుంబాల్లో అంతమంది పెద్దలు ఉండరు. గింజల గదిలోకి చేయి దూర్చి వడ్లు తోడాలంటే చిన్న చేయే వీలు. పిల్లలను వెంట తీసుకెళ్ళడం ఈ వేట పద్ధతిలోనే ఇమిడి ఉందని, వాళ్ళను లెక్కలోకి తీసుకోకుండా గుంటూరు, ప్రకాశం మైదానాల చిన్నవేట (ఎలుకలు, కుందేళ్ళు, పిట్టల వంటి చిన్న జీవుల వేట) చరిత్ర రాస్తే అది సగం చరిత్రే అవుతుందని నా వాదన.

ఆ పిల్లలు అక్కడ నేర్చుకున్నది తక్కువేమీ కాదు. కొత్తగా తోడిన మన్ను ఉంటే కలుగులో ఎలుక ఉన్నట్టు, ద్వారానికి సాలెగూడు ఉంటే అది పాడుబడినట్టు. ఎలుక ఉన్నచోటికి పాము వస్తుంది గనుక ఏ బొక్కలో చేయి పెట్టకూడదో ముందు తెలియాలి. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక తెనాలి, రేపల్లె, బాపట్ల వైపు వరి విస్తరించింది. వరి పెరిగినచోట ఎలుకా, పందికొక్కూ పెరిగాయి, వాటిని పట్టే మనుషుల అవసరమూ పెరిగింది. పడమటి నల్లరేగడి మెట్టల్లో వేట వేరు. అక్కడ పంటకూ పంటకూ మధ్య వదిలిన బీళ్ళలో కుందేళ్ళు, కౌజులు, పూరేళ్ళు ఉండేవి. వాటికి ఉచ్చులు, వలలు, జిగురు పూసిన పుల్లలు సాధనాలు. ఉచ్చు ముడి వేయడం పుస్తకంలో చదివి వచ్చే విద్య కాదు. తండ్రి వేస్తుంటే పక్కన కూర్చుని చూడాలి, వేసి చెడగొట్టాలి, మళ్ళీ వేయాలి. నల్లమల చెంచు పిల్లవాడి చేతికి చిన్న విల్లు ఇచ్చేదీ ఇందుకే. 1967లో నాగార్జునసాగర్ నీళ్ళు విడుదలయ్యాక ఆ బీళ్ళలో చాలా భాగం పత్తికీ మిరపకీ వెళ్ళిపోయింది. పత్తి వెంట పురుగుమందులు వచ్చాయి. పిట్టా కుందేలూ తగ్గిన కొద్దీ ఆ ముడుల విద్యకు చోటు లేకుండా పోయింది.

అయితే నేల మారకముందే ఈ విద్యను చట్టం దెబ్బ కొట్టింది. 1911 నాటి బ్రిటిష్ నేరస్థ జాతుల చట్టం, అలా ముద్రపడిన కుటుంబాల నుంచి ఆరేళ్ళు దాటి పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లలను విడదీసి ప్రత్యేక పాఠశాలల్లో పెట్టే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. రెండేళ్ళ తర్వాత బాపట్ల దగ్గర, సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ నిర్వహణలో, అలాంటి కుటుంబాలను ఉంచే స్టూవర్టుపురం సెటిల్‌మెంటు మొదలైంది. హెరాల్డ్ స్టూవర్ట్ అనే అధికారి పేరే ఆ ఊరికి పెట్టారు. అక్కడ చేర్చిన సంచార తెగ ఎరుకలవారు హాజరు వేయించుకోకుండా, అనుమతి లేకుండా కదలకూడదు. సంచారం లేకపోతే చిన్నవేట లేదు. పిల్లవాడు పక్కన లేకపోతే ఆ విద్య మరో తరానికి చేరదు. ఒకే చట్టం రెంటినీ తెంచింది. అదే రోజుల్లో జమీందారు కొడుకు తుపాకీ పట్టి మొదటి వేటకు వెళితే ఆ ఇంట అది వేడుక.

దోషమంతా తెల్లదొరలదేనా అని అడగవచ్చు. కాదు. అమరావతి దగ్గరి నరుకుళ్ళపాడు పేరు వెనుక ఉన్న కథ ఆ ప్రాంతంలో అందరికీ తెలిసిందే. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు చెంచులను దొంగలని విందు నెపంతో పిలిపించి తలలు నరికించాడని, ఆ పాపభీతితోనే అమరేశ్వరుణ్ణి ఆశ్రయించాడని స్థానికులు చెప్పుకుంటారు. కథలోని ప్రతి వివరమూ నిజమో కాదో అటుంచితే, వేటాడి బతికేవాడిని దొంగగా చూసే చూపు ఇంగ్లీషువాళ్ళ చట్టం కంటే పాతదని అది చెబుతోంది. చట్టం ఆ చూపుకు రిజిస్టరునూ వయసు లెక్కనూ జోడించింది.

దీనికంటే బలమైన అభ్యంతరం బడి గురించి. పొలం గట్టు మీద పొగ ఊదే పిల్లవాడు ఆ రోజు బడిలో లేడు. పొగ ఊపిరితిత్తులకు చేటు, ఎలుకల మూత్రం నుంచి లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుంది, పాముకాటు భయం సరేసరి. రైతు ఎలుకకు ఇంత అని ఇచ్చే కూలిలో పిల్లల కష్టమూ కలిసిపోయేది. ఇవన్నీ నిజాలే, వీటిని తక్కువ చేసి మాట్లాడను. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకు బడి హక్కు ఇచ్చిన 2009 చట్టం యానాది పిల్లలకు అందరికంటే ఎక్కువ అవసరం. కానీ బడికి వెళ్ళే హక్కు వేరు, తల్లిదండ్రుల విద్య నేరమని చెప్పి బడిలో పెట్టడం వేరు. 1911 చట్టం చేసింది రెండోది. పొరుగున తమిళనాడులో ఇరులర్లు 1978లో పాములు పట్టేవారి సహకార సంఘం పెట్టుకుని, విషం తీసి మందుల తయారీకి అమ్ముతున్నారు. ఆ తెగకు చెందిన వడివేల్ గోపాల్, మాసి సడయన్‌లకు 2023లో పద్మశ్రీ వచ్చింది. తరతరాలుగా వచ్చిన విద్యకు సంఘమూ జీతమూ గౌరవమూ దొరకవచ్చని ఆ ఉదాహరణ చూపిస్తోంది; దానికోసం పిల్లలను బడి మాన్పించనక్కర్లేదు.

జంతువుల మాటేమిటి అన్నదీ న్యాయమైన ప్రశ్నే. 1972 వన్యప్రాణి చట్టానికి 1991లో చేసిన సవరణతో కుందేలు వేటా కౌజు వేటా నిషేధమయ్యాయి. ఆ నిషేధం ఉండాల్సిందే. బీళ్ళు పోయిన ఈ మైదానంలో వాటికి మిగిలిన చోటు చాలా కొంచెం. ఎలుకల సంగతి వేరు, 2022 సవరణ ఆ పట్టికను తీసేసేదాకా చట్టం వాటిని చీడ జంతువుల పట్టికలో ఉంచింది. జింక్ ఫాస్ఫైడ్ కలిపిన ఎర వేస్తే తిన్న ఎలుకతో పాటు గింజలేరే పిట్టలూ చచ్చే ప్రమాదం ఉంది. ఊదర కుండకు చిక్కేది ఆ కలుగులో ఉన్నది మాత్రమే.

ఊదర పెట్టడం చిన్ననాడే నేర్చిన అవ్వలు, తాతలు ఈ జిల్లాల యానాది కాలనీల్లో ఇంకా ఉన్నారు. ఊరి చరిత్రలు రాసేవారు జమీందారుల వంశావళి దగ్గర ఆగకుండా వాళ్ళ గడపకూ వెళ్ళండి. ఏ కలుగును ఏమంటారో, ఏ ముడికి ఏం పేరో అడిగి, వాళ్ళ మాటల్లోనే రాసుకోండి.