సీమచింతలో ఉన్న "సీమ" ఏ సీమ?

"ఎవరూ పెద్దగా పట్టించుకోని పళ్ల మీద ఒక వీడియో చెయ్ బ్రో" అని చాలామంది అడుగుతున్నారు. పది పళ్ల లిస్టు చదివేసి వెళ్లిపోవచ్చు. కానీ ఒక్కదాని దగ్గరే నాకు బోలెడంత కథ దొరికింది. అదే సీమచింత.

ఊళ్లో పెరిగినవాళ్లకి చెప్పక్కర్లేదు. సిటీ వాళ్ల కోసం చెప్తున్నా. ముళ్ల చెట్టు, జిలేబీలా చుట్టలు తిరిగిన కాయ. పండితే పచ్చరంగు పోయి ఎర్రబడుతుంది, తనంతట తానే విచ్చుకుంటుంది. లోపల నల్ల గింజ, దాని చుట్టూ తెల్లగానో గులాబీ రంగులోనో మెత్తటి గుజ్జు. తింటే కాస్త తీపి, కాస్త వగరు. ఎక్కువ తింటే గొంతు పట్టేస్తుంది. హిందీలో దీన్ని జంగిల్ జలేబీ అంటారు. ఆ పేరు పెట్టినవాడికి దండం పెట్టాలి.

ఇప్పుడు పేరు దగ్గరికి వద్దాం. సీమ అనగానే మనకి రాయలసీమ గుర్తొస్తుంది కదా? ఇక్కడ అది కాదు. పాత తెలుగులో సముద్రం దాటి వచ్చిన వస్తువు దేనికైనా ముందు "సీమ" తగిలించేవాళ్లు. సీమవంకాయ, సీమసున్నం అలా వచ్చినవే. మరాఠీవాళ్లు కూడా దీన్ని విలాయతీ చించ్ అంటారు. అంటే ఇది ఫారిన్ చింత అన్నమాట.

ఇందులో ఒక తమాషా ఉంది. మనం "అసలు చింత" అనుకునే చెట్టు కూడా పుట్టింది ఆఫ్రికాలో. కాకపోతే మన దగ్గరికి ఎంత పాతకాలంలో వచ్చిందంటే, అరబ్బులు దాన్ని "తమర్ హిందీ", అంటే ఇండియా ఖర్జూరం అన్నారు. ఇంగ్లీషు టామరిండ్ అందులోంచే వచ్చింది. ముందొచ్చినది మనదైపోయింది, తర్వాత వచ్చినది సీమది అయింది. అంతే తేడా.

మరి సీమచింత ఏ సీమది? మెక్సికో, దాని చుట్టుపక్కల దేశాలది. అక్కడి నావాటిల్ భాషలో ఉన్న పాత పేరు స్పానిష్‌వాళ్ల నోట్లో పడి గ్వాముచిల్ అయింది. సినలోవా రాష్ట్రంలో ఈ పేరుతో ఒక ఊరే ఉంది. అదే పేరు ఫిలిప్పీన్స్‌లో కమచిలె అయింది. ఎక్కడి మెక్సికో, ఎక్కడి ఫిలిప్పీన్స్? మధ్యలో పసిఫిక్ మహాసముద్రం ఉంది.

1565 నుంచి 1815 దాకా, అంటే 250 ఏళ్లు, స్పెయిన్ ఓడలు మెక్సికోలోని అకపుల్కోకి, ఫిలిప్పీన్స్‌లోని మనీలాకి మధ్య తిరిగాయి. మెక్సికో నుంచి వెండి వచ్చేది, ఆసియా నుంచి పట్టు, బట్ట వెళ్లేవి. ఆ బట్టలో మన కోరమండల్ తీరపు నూలు బట్ట కూడా ఉంది. మద్రాసు నుంచి మనీలాకి బట్ట వెళ్లేది, మనీలా నుంచి వెండి తిరిగొచ్చేది. ఆ రెండు ఊళ్లకి సంబంధం ఎంత గట్టిదంటే, 1762లో ఇంగ్లీషువాళ్లు మనీలాని పట్టుకోవడానికి సైన్యాన్ని పంపింది కూడా మద్రాసు నుంచే. మన తీరంలో నేసిన గుడ్డ ఆ చెట్టు పుట్టిన దేశం చేరింది, ఆ చెట్టు మన తీరానికి చేరింది. ఇంగ్లీషులో ఈ కాయ పేరు ఇప్పటికీ మనీలా టామరిండ్.

ఇక నాకు బాగా నచ్చిన భాగం. 1780ల్లో కాకినాడ దగ్గర సామర్లకోటలో విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లాండ్ డాక్టర్ ఉండేవాడు. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. చేసేది వైద్యం, పిచ్చి మాత్రం మొక్కల మీద. అక్కడే తోట పెట్టి మిరియాల లాంటి పంటల మీద ప్రయోగాలు చేశాడు. మన చిత్రకారుల్ని పెట్టుకుని ఇక్కడి మొక్కల బొమ్మలు గీయించాడు. వాటిలో 300 బొమ్మలతో "ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమండల్" అనే పుస్తకం 1795 నుంచి 1820 దాకా లండన్‌లో మూడు సంపుటాలుగా అచ్చయింది. పుస్తకం మీద పేరు రాక్స్‌బర్గ్‌ది. బొమ్మలు గీసినవాళ్ల పేర్లు లేవు. దీని మీద విడిగా ఇంకో వీడియో చేయాలి.

ఆ పుస్తకంలో 99వ బొమ్మ మన సీమచింత. రాక్స్‌బర్గ్ దానికి మిమోసా డల్సిస్ అని పేరు పెట్టాడు. డల్సిస్ అంటే లాటిన్‌లో తియ్యనిది. 1844లో జార్జ్ బెంథమ్ దాన్ని పితెసెల్లోబియం అనే జాతిలోకి మార్చాడు. ఆ మాటకి గ్రీకులో కోతి చెవిపోగు అని అర్థం. కాయని చూస్తే ఎందుకో తెలిసిపోతుంది. అయినా శాస్త్రీయ నామం పక్కన బ్రాకెట్‌లో రాక్స్‌బర్గ్ పేరు ఇప్పటికీ ఉంటుంది. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, మెక్సికో చెట్టుకి ఫస్ట్ కమిట్ మన కోరమండల్ తీరం నుంచి పడింది.

తర్వాత ఈ చెట్టు ఊళ్లలో కలిసిపోయింది. నీళ్లు పోయక్కర్లేదు, చవుడు నేలైనా బతుకుతుంది, నరికితే మళ్లీ చిగురిస్తుంది. ముళ్లు ఉంటాయి కాబట్టి చేలకి కంచెగా వేశారు. మేకలకి మేత, పొయ్యికి కట్టె, పిల్లలకి కాయలు. ఇప్పుడు కంచె అంటే సిమెంటు స్తంభాలు, ఇనప తీగ. రోడ్డు వెడల్పు చేసినప్పుడు మొదట పోయేవి ఇలాంటి చెట్లే. మామిడి చెట్టు కొడితే గొడవ చేస్తారు, సీమచింత కొడితే అడిగేవాడు ఉండడు. ఎవరూ తోటగా వేయరు కాబట్టి, కంచె పోతే కాయ కూడా పోతుంది.

ఇంకోవైపు సూపర్‌మార్కెట్‌లో అవకాడో, డ్రాగన్ ఫ్రూట్ ఎంత రేటుకి కొంటున్నామో మీకు తెలుసు. ఆ రెండూ కూడా మెక్సికో, మధ్య అమెరికా వైపు పళ్లే. డ్రాగన్ ఫ్రూట్‌కి 2021లో గుజరాత్ ప్రభుత్వం కమలం అని కొత్త పేరు కూడా పెట్టింది. వాటి మీద నాకు కోపం ఏమీ లేదు, అవకాడో నేనూ తింటాను. కానీ అదే వైపు నుంచి 200 ఏళ్ల ముందే వచ్చిన పండు రోడ్డు పక్కన రాలిపోతుంటే, మన ఫోన్లో "ఎగ్జాటిక్ ఫ్రూట్స్" అని యాడ్ వస్తోంది. ఇది మాత్రం నాకు మింగుడు పడట్లేదు.

ఎండాకాలం మొదట్లో బస్టాండ్ల దగ్గర, సంతల్లో బుట్టలో పెట్టుకుని అమ్మే అవ్వలు కనిపిస్తారు. ఎర్రబడి విచ్చుకున్న కాయలు తీసుకోండి, పచ్చివి వగరుగా ఉంటాయి. విప్పి, పురుగు ఉందేమో చూసుకుని, గింజ తీసేసి తినండి. ఆ గింజ పారేయకండి. మట్టిలో పెడితే కొద్ది రోజుల్లోనే మొలుస్తుంది. కాకపోతే ముళ్లుంటాయి, నడిచే దారిలో మాత్రం వేయొద్దు.