తాత నాటిన నిట్టాళ్లు

మా ఆదిలాబాద్ గోండు గూడేల్లో పాత ఇల్లంటే తడిక గోడ, గడ్డి కప్పు. మనవాళ్లకు ఇల్లు కట్టడమే రాదనుకున్నవాళ్లున్నారు. నిజాం కాలంలో అడవికి రిజర్వు హద్దులు గీసి గూడేలను ఖాళీ చేయించారు. రేపు ఎక్కడుంటామో తెలియనివాడు రాతి పునాది ఎందుకు వేస్తాడు? 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం ప్రాణమిచ్చింది ఈ నేల కోసమే. ఆ తర్వాత హైమెండార్ఫ్ వచ్చి మార్లవాయిలో ఉన్నాడు, 1943లో అక్కడే గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది, మెల్లగా పట్టాలూ వచ్చాయి. పట్టా చేతికొచ్చాకే మా తాత టేకు నిట్టాళ్లు నాటి పెంకు కప్పాడు.

ఆ ఇంటిని కూల్చి స్లాబు వేయమని అందరూ అన్నారు. నిజం చెప్పాలంటే మేమూ ఊగిసలాడాం. ముందు ఒక గోడకు సిమెంటు పూయించాం, అదే తప్పు. మట్టిలోని చెమ్మ బయటికి పోలేక రెండు వానాకాలాలకే సిమెంటు పెచ్చులుగా ఊడింది, లోపలి మట్టినీ లాక్కుపోయింది. అంతా గీకేసి మళ్లీ మట్టి, పేడ కలిపి మెత్తాం. కప్పులో రెండు గాజు పెంకులు పెట్టాం, పిల్లలు పగలు లైటు లేకుండా చదువుతున్నారు. కరెంటు తీగలు గోడ తొలచకుండా వాసాల వెంట నడిపాం. మరుగుదొడ్డి పెరట్లో వేరే పునాది మీద ఇటుకతో కట్టాం. ధాన్యం గుమ్మి ఉన్నచోటే ఉంది, ఇప్పుడు అందులో జొన్నల కంటే పుస్తకాలే ఎక్కువ. దేవుళ్ల మూలకు మాత్రం మేస్త్రీని అమ్మ అడుగుపెట్టనివ్వలేదు.

ఒక నిట్టాడు మొదట్లో పుచ్చింది. పుచ్చినంత కోసి కింద రాయి పెట్టాం. మిగతా రెండూ తాత నాటినట్టే ఉన్నాయి.