తలుపు దగ్గర ఆల్మా

అమెరికాలో ఆడవాళ్ళకి మొట్టమొదట పూర్తి ఓటుహక్కు ఇచ్చిన ప్రాంతం వయోమింగ్. 1869 డిసెంబరు 10న చట్టం వచ్చింది. అప్పటికది రాష్ట్రం కూడా కాదు. ఆ ఘనతతోనే తర్వాత దానికి ‘సమానత్వ రాష్ట్రం’ అన్న పేరు స్థిరపడింది. స్త్రీల మీద గౌరవం పొంగిపొర్లి ఇచ్చారనుకుంటే పొరపాటే. కారణాలు చాలా ఉన్నాయి. వాటిలో ఒకటి, అక్కడ ఆడవాళ్ళు లేకపోవడం! రైలుమార్గాల్లో, గనుల్లో, గొడ్ల మందల వెంట ఎటుచూసినా మగవాళ్ళే. ఆడవాళ్ళు వస్తే సంసారాలు ఏర్పడతాయి, ఊళ్ళు నిలబడతాయి. అంటే ఓటు కొంతవరకు ఒక పెళ్ళిపిలుపు.

మరి ఆ సంసారాలు ఏర్పడకముందూ, ఏర్పడ్డాక కూడానూ, నెలల తరబడి కొండల్లో మందలు కాసిన మగవాళ్ళ మధ్య ఏం జరిగింది? చరిత్రకారులు చాలాకాలం ఆ వైపు చూడలేదు. 1948లో ఆల్ఫ్రెడ్ కిన్సే పురుషుల లైంగిక జీవితం మీద వెలువరించిన గ్రంథంలో ఒక విషయం నమోదు చేశాడు. మారుమూల గ్రామీణ ప్రాంతాల్లో, పశువులు మేపేవాళ్ళలో, కలప కొట్టేవాళ్ళలో, గనుల అన్వేషకుల్లో స్వలింగ సంబంధాలు చాలా ఎక్కువని. అతను వివరాలు సేకరించిన పద్ధతి మీద విమర్శలున్నాయి, నిజమే. అయినా అతను గమనించిన ఇంకో సంగతి నాకు ముఖ్యమనిపిస్తుంది. ఈ మొరటు మగవాళ్ళే నగరాల్లోని సున్నితమైన, ఆడంగితనం కనిపించే స్వలింగ ప్రేమికుల్ని ఎంతమాత్రం సహించరట. పని చేయొచ్చు, పేరు పెట్టకూడదు. కొండ మీద జరిగేది కొండ మీదే ఉండాలి.

ఆ పేజీల్లో ఈ మగవాళ్ళ భార్యలు మాత్రం ఎక్కడా కనిపించరు.

భార్య కనిపించింది 1997లో. అనీ ప్రూ అప్పటికి అరవై దాటిన రచయిత్రి. వయోమింగ్‌కి వలస వచ్చి మూడేళ్ళు. ఒక బార్లో, బిలియర్డ్స్ ఆడుతున్న కుర్రాళ్ళనే చూస్తూ నిలబడ్డ ఒక పెద్దవయసు పశువులకాపరి ఆమె కంటపడ్డాడు. అతని చూపులో ఏదో దిగులు, ఏదో ఆశ. అతను ఈ ఊళ్ళో ఎలా బతికి ఉంటాడు అన్న ప్రశ్నలోంచి ‘బ్రోక్‌బ్యాక్ మౌంటెన్’ కథ పుట్టింది. ఆ అక్టోబరులో ‘న్యూయార్కర్’లో అచ్చయింది. 2005లో ఆంగ్ లీ సినిమాగా తీసినప్పుడు చాలామంది దీన్ని నగరంవాళ్ళ కల్పన అన్నారు. కాదు, అది అక్కడి నేలకి తెలిసిన సంగతే.

1963 వేసవిలో గొర్రెలు కాయడానికి కలిసిన ఎన్నిస్, జాక్ ఇద్దరికీ ఇరవై కూడా నిండలేదు. ఆ డిసెంబరులోనే ఎన్నిస్ ఆల్మాని పెళ్ళి చేసుకుంటాడు. నాలుగేళ్ళ తర్వాత జాక్ వాళ్ళ ఊరొస్తాడు. లాండ్రీ మీద అద్దెవాటా, మెట్ల మీద ఆ ఇద్దరి ముద్దు. ఆల్మా తలుపు తీస్తుంది. చూస్తుంది. మూసేస్తుంది.

అందరూ జాక్ కోసం ఏడ్చారు. నేనూ ఏడ్చాను. కానీ రెండోసారి చదివినప్పుడు నా మనసు ఆ తలుపు దగ్గరే ఆగిపోయింది. ఏళ్ళ తరబడి మొగుడు ‘చేపలు పట్టడానికి’ వెళ్తుంటాడు, ఒక్క చేపా ఇంటికి రాదు. ఒకసారి ఆమె చేపలబుట్టలో గాలం తాడు కొసకి ఒక చీటీ కట్టి పంపుతుంది. చీటీ కట్టినట్టే తిరిగొస్తుంది. కొన్నప్పటి ధర అట్ట కూడా బుట్టకి అలాగే ఉంటుంది. ఈ సంగతి ఆమె నోరు విప్పి చెప్పేది విడాకులయ్యాక, మళ్ళీ పెళ్ళయ్యాక. స్త్రీల చరిత్రలో ఇలాంటి చీటీలు ఎన్ని తడవకుండా తిరిగొచ్చాయో! ‘పెళ్ళి చేస్తే వాడే దారికొస్తాడు’ అన్నమాట మన ఇళ్ళల్లోనూ కొత్తది కాదు. ఆ దారికి మూల్యం కట్టేది ఎవరో పెళ్ళిచూపులప్పుడు ఎవరూ చెప్పరు.

అలాగని ఎన్నిస్‌ని దోషిగా నిలబెట్టలేను. అతనికి తొమ్మిదేళ్ళప్పుడు తండ్రి ఒక శవాన్ని చూపించాడు. ఒక కమతం పెట్టుకుని కలిసి బతికిన ఇద్దరు ముసలివాళ్ళలో ఒకరిది. కొట్టి, ఈడ్చి, కాలువలో పడేశారు. ఆ పని తన తండ్రే చేసి ఉండొచ్చని కొడుకు అనుమానం. జాక్ ఇద్దరం కలిసి ఒక చిన్న రాంచ్ పెట్టుకుందామన్న ప్రతిసారీ ఎన్నిస్‌కి ఆ కాలువే గుర్తొస్తుంది. తండ్రులు కొడుకులకి మగతనం నేర్పే పద్ధతి అది. ఆ భయమే అతన్ని ఆల్మా పక్కకి నెట్టింది. పితృస్వామ్యం ఆ మంచం మీద ఇద్దరినీ ఒంటరిని చేసింది.

కథ అచ్చయిన దాదాపు ఏడాదికి, 1998 అక్టోబరు 6 రాత్రి, అదే వయోమింగ్‌లోని లారమీ ఊరి బయట మాథ్యూ షెపర్డ్‌ని చావగొట్టి కొయ్యకంచెకి కట్టేసి వెళ్ళిపోయారు. ఇరవయ్యొక్కేళ్ళ గే విద్యార్థి. 12న చనిపోయాడు. స్వలింగ సంపర్కాన్ని నేరంగా చూసే చట్టాన్ని వయోమింగ్ 1977లోనే తీసేసింది, గుర్తుంచుకోవాలి. 1999లో ద్వేషనేరాల బిల్లు అక్కడి దిగువసభలో 30-30 ఓట్లతో వీగిపోయింది. చివరికి దేశం మొత్తానికీ చట్టం వచ్చింది 2009లో, మాథ్యూ పేరుతోనూ, టెక్సస్‌లో జాత్యహంకారులు చంపిన జేమ్స్ బర్డ్ పేరుతోనూ. పదేళ్ళు తిరిగి, మాట్లాడి, ఆ చట్టం కోసం పోరాడినవాళ్ళలో ముందున్నది మాథ్యూ తల్లి జూడీ షెపర్డ్.

కథలో జాక్ తన చితాభస్మాన్ని ఆ కొండ మీద చల్లమని కోరతాడు. తండ్రి ఒప్పుకోడు. జూడీ, ఆమె భర్త కొడుకు చితాభస్మాన్ని ఇరవై ఏళ్ళు తమ దగ్గరే ఉంచుకున్నారు. సమాధి కడితే ఎవరైనా పాడుచేస్తారని భయం. 2018 అక్టోబరు 26న దాన్ని వాషింగ్టన్‌లోని నేషనల్ కెథెడ్రల్‌లో ఉంచారు, వయోమింగ్‌కి చాలా దూరంలో.