రామతీర్థపు కొండలు: పేర్ల సాక్ష్యము, శాసనముల సాక్ష్యము

విజయనగరమునకు సుమారు 12 కిలోమీటర్ల దూరమున, నెల్లిమర్ల మండలమున నున్న రామతీర్థము శ్రీరామక్షేత్రముగా ప్రసిద్ధి గాంచినది. శ్రీరామనవమికిని శివరాత్రికిని వచ్చు జనము కోవెలను దర్శించి మరలిపోవుదురు. ఊరికి చేరువనే బోడికొండ, గురుభక్తులకొండ, దుర్గకొండ యను కొండలు కలవు. వీనిలో గురుభక్తులకొండ నెక్కువారు నేడు మిక్కిలి అరుదు. ఒకప్పుడు బౌద్ధ యాత్రికులకు గమ్యస్థానము ఆ కొండయే.

ఇచ్చట బౌద్ధము వర్ధిల్లెననుటలో ఆక్షేపము లేదు. దానికి మనము చూపుచున్న సాక్ష్యములలో కొన్నిటిని గూర్చియే ఆక్షేపము. కొన్నియేండ్ల క్రిందట మేము వ్రాసిన యొక వ్యాసమున ఈ కొండల పేర్లను, ఊరి పేరును బౌద్ధమునకు ప్రబల సాక్ష్యములుగా చూపియుంటిమి. ఆ మాట నిలువదని ఇప్పుడు తోచుచున్నది. మా తప్పును మేమే సరిదిద్దుకొనుట న్యాయము.

గడచిన మాఘమున పరిశోధక విద్యార్థులు నలువురితో గురుభక్తులకొండ నెక్కితిమి. కొండ గట్టి రాయి. దాని ఉత్తరపు వైపున, సముద్రమట్టమునకు సుమారు 500 అడుగుల యెత్తున, అరుగువలె సన్నగా సాగిన చదునైన చోటు కలదు. వెనుక నిలువుగా లేచిన బండ, ముందు పల్లము. ఆ యిరుకు నేలపైననే ఇటుక స్తూపమును, వెనుక కొస గుండ్రముగా నుండు గజపృష్ఠాకారపు చైత్యగృహములను, భిక్షువుల గదులను కట్టిరి. ఇంత ఇటుకను ఈ యెత్తునకు మోసినదెవరు, ఇన్ని నోళ్లకు కూడు పెట్టినదెవరు అని ఒక విద్యార్థి అడిగెను. మేము బదులు చెప్పక, క్రింద పరచుకొన్న వరిమళ్లను చూపితిమి. భిక్షకు దిగి పొద్దెక్కకమునుపే తిరిగి రాగల దూరమున పల్లెలు, ఊరి సందడి చెవినిబడనంత యెత్తున విహారము: బౌద్ధులు కొండలను ఎంచుకొనుటలోని లెక్క ఆ అరుగుపై నిలిచినవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

అలెగ్జాండర్ రీ 1908–1910 సంవత్సరముల నడుమ ఇచ్చట త్రవ్వకములు జరిపెను. గురుభక్తులకొండ, దుర్గకొండల విహారములను గూర్చిన ఆయన వివరణము పురావస్తు శాఖవారి 1910–11 వార్షిక నివేదికలో ప్రకటితమైనది. దొరకిన వస్తువులలో ముఖ్యమైనది ఒక మట్టి ముద్ర. దానిపై శివ విజయరాజు పేరును, 'సేల సంఘ' మను మాటయు చదివిరి. ప్రాకృతమున 'సేల' యనగా శైలము. కనుక ఇది కొండమీది సంఘమని ఒక అర్థము. ధాన్యకటకమునందును నాగార్జునకొండయందును పూర్వశైలీయులు, అపరశైలీయులు అను శాఖలు ఉండినవి గావున, 'సేల' యనునది శాఖానామమని మరియొక అర్థమును చెప్పవచ్చును. మేము మొదటి యర్థము వైపే మొగ్గుచున్నాము. శాఖను చెప్పదలచినచో పూర్వమో అపరమో తేల్చి చెప్పుట సహజము. ఎట్లయినను, భిక్షుసంఘము తన్ను తాను పేర్కొనుచు వాడిన మాట ఇదియొక్కటియే మనకు మిగిలినది. తక్కిన పేర్లన్నియు పిమ్మటివారు పెట్టినవి.

ఇక ఆ పేర్ల సంగతి. బోడికొండను విద్వాంసులు కొందరు 'బోధికొండ' యని వ్రాయుచున్నారు. మేమును అట్లే వ్రాసియుంటిమి. కొండ దిగిన తరువాత, దారిలో మేకలను తోలుకొనిపోవుచున్న ముసలివానిని ఆ కొండ పేరేమని అడిగితిమి. "బోడికొండ బాబూ" అనెను. బోధికొండ కాదా యని మరల అడుగగా, మా వైపు ఎగాదిగా చూచి, "చెట్టూ చేమా నేని కొండని బోడికొండనక ఏటంటారు బాబూ?" అనెను. విద్యార్థులు నవ్విరి, నవ్వవలసినది మమ్ము చూచియే. చెట్లులేని కొండకు బోడి యను విశేషణము తెలుగుదేశమంతటను వాడుకలో నున్నదే. 'బోధి' అపభ్రంశమై 'బోడి' అయ్యెననుటకు పూర్వరూపము గల శాసనమొకటి కావలెను. అట్టిదానిని మేము ఆ వ్యాసమున చూపలేదు.

'ఆరామము' నుండి 'రామ' శబ్దము పుట్టి రామతీర్థమైనదను ఊహ ఇంతకంటె ఆకర్షకమైనది. ఉరలు రోలగుట, ఇరండు రెండగుట వంటి మార్పులను దీనికి ఉపపత్తిగా చెప్పవచ్చునని మేమనుకొంటిమి. కాని ఆ వర్ణవ్యత్యయము దేశ్యపదములలో మొదటి హ్రస్వాచ్చునకు కలుగునది. 'ఆరామ' సంస్కృతపదము, మొదటి అచ్చు దీర్ఘము. అనకాపల్లి చేరువనున్న శంకరము 'సంఘారామ' మనుట వేరు సంగతి. అచ్చట ఆరామ శబ్దము ఉత్తరపదము. పైగా ప్రక్కనే బొజ్జన్నకొండపై బుద్ధవిగ్రహములును ఏకశిలా స్తూపములును మాటను బలపరచుచున్నవి. ఆ దృష్టాంతమును రామతీర్థమునకు అతికించుట మేము చేసిన తొందరపాటు.

పైగా ఒక శాసనము ఈ ఊహకు అడ్డుపడుచున్నది. రామతీర్థపు కొండలోని దుర్గపంచ యను గుహ గోడపై కన్నడభాషలో వేంగీ చాళుక్య ప్రభువు విమలాదిత్యుని (1011–1018) కాలపు శాసనమొకటి కలదు. ఈ విమలాదిత్యుడు రాజరాజనరేంద్రుని తండ్రి. దేశిగణమునకు చెందిన జైనాచార్యుడును, రాజగురువును అగు త్రికాలయోగి సిద్ధాంతదేవుడు 'రామకొండ'ను భక్తితో సేవించినట్లు ఈ శాసనము చెప్పుచున్నది. నన్నయ భారతమునకు ఒక తరము ముందే, దూరమునుండి వచ్చిన జైనాచార్యుడొకడు ఈ కొండను రామకొండ యనియే యెరుగును. 'ఆరామ' వాదము నిలువవలెనన్నచో, ఆ మార్పు అప్పటికే పూర్తియై, జనము మూలమును మరచి యుండవలెను. అసాధ్యమని యనము, నిదర్శనము లేదనుచున్నాము.

ఈ శాసనము విలువ పేరుతో ముగియదు. కొండమీది యాత్రను గూర్చి ఇచ్చట ఇంత స్పష్టముగా పలుకు లేఖ మరియొకటి మా దృష్టికి రాలేదు, అదియో జైనునిది. 7వ శతాబ్దిలో కళింగమును చూచిన హ్యూన్‌త్సాంగ్ అచ్చట పది సంఘారామములును సుమారు 500 మంది భిక్షువులును మాత్రమే యున్నట్లును, అన్యమతస్థులలో నిర్గ్రంథులు అధికులనియు వ్రాసెను. ఆతడు చెప్పిన కళింగపు ఎల్లలను గూర్చి వివాదము కలదు. అయినను, బౌద్ధులు సన్నగిల్లి జైనులు ప్రబలిన ఆ స్థితికి రామతీర్థము చక్కగా సరిపడుచున్నది. ఈ కొండలలో జైన తీర్థంకరుల విగ్రహములును కలవు. బౌద్ధుల విహారములు పాడుబడినను దారి పాడుబడలేదు, నడచువారు మారిరి.

దీనినిబట్టి గురుభక్తులకొండ యను పేరును గూర్చి ఒక ఊహ చేయుచున్నాము. ఆ గురువు బుద్ధుడని ఇంతవరకు మేమును తలచుచుంటిమి. కాని ఈ కొండలకు వచ్చినట్లు రాతిపై వ్రాయబడిన గురువు త్రికాలయోగి. ఆ గురువు వెంట వచ్చినవారే గురుభక్తులు కారాదా? ఇది ఊహయే; దీనిని మరియొకరు సాక్ష్యముగా ఎత్తి చూపవలదని మనవి.

శ్రీకాకుళము జిల్లాలో వంశధార దక్షిణపు గట్టున నున్న శాలిహుండము పేరును ఒకరు శాలివాటిక యందురు. మరియొకరు శల్యపేటిక యందురు. ధాతుకరండములు దొరకిన చోటగుటచే రెండవది పండితులకు రుచించుట సహజము. 1919లో ఆ స్థలమును లోకమునకు తెలిపినవారు గిడుగు వేంకటరామమూర్తి పంతులుగారు. ముఖలింగ శాసనములను తామే కుస్తీపట్టి చదివినవారు, సవరల నోట సవరభాషను నేర్చినవారు. రాతిని చదువుటయు, జనుల నోటిమాట వినుటయు వారికి ఒకే పని. మేము బోడికొండను దిద్దునాటికి ఆ రెండవ పని చేసియుండలేదు.

ఇప్పుడు మా విద్యార్థులు ఈ కొండల చుట్టునున్న పల్లెలలో గుట్టల, చెరువుల, పొలముల పేర్లను జనులు పలికినట్లే వ్రాసికొనుచున్నారు. దిద్దుబాటు చేయరాదని కట్టడి చేసితిమి. మొదటి పుటలో మొదటి పేరు బోడికొండ.