నష్టభర్తృక : నిరీక్షణావధి

ఆలంకారికులు చెప్పిన అష్టవిధ నాయికలలో ప్రోషితభర్తృక యొకతె. ఆమె భర్త దేశాంతరమున నున్నాడు, కాని యున్నాడు. ఉన్నాడో లేడో తెలియని వాని భార్య స్థితి వేరు. ఆమె సువాసినియు కాదు, వితంతువును కాదు. ఆమె యెంతకాలము వేచియుండవలెను, ఆపై నేమి చేయవలెను అను ప్రశ్నలకు ధర్మశాస్త్రములును, తరువాతి శాసనములును ఇచ్చిన సమాధానములను పరిశీలించుట యీ వ్యాసముయొక్క ఉద్దేశము.

ధర్మకార్యార్థమై వెళ్లిన భర్తకై 8 సంవత్సరములును, విద్యకో కీర్తికో వెళ్లినవానికై 6, కామమునకై వెళ్లినవానికై 3 సంవత్సరములును నిరీక్షింపవలెనని మనుస్మృతి నవమాధ్యాయము చెప్పుచున్నది. గడువు ముగిసిన పిదప కర్తవ్యమేమో మూలము చెప్పలేదు. ఆ మౌనమును వ్యాఖ్యాతలు తమతమ అభిప్రాయానుసారముగ పూరించిరి. నారదుడు మౌనము వహింపలేదు. బ్రాహ్మణస్త్రీ సంతానవతి యైనచో 8, కానిచో 4. క్షత్రియ 6, 3. వైశ్య 4, 2 సంవత్సరములు వేచి, పిమ్మట నన్యుని నాశ్రయింపవచ్చుననెను. భర్త జీవించియున్నట్లు వినవచ్చినచో గడువు రెట్టింపగును. కౌటిల్యుడు కొన్ని సందర్భములలో ధర్మస్థుల, అనగా న్యాయాధికారుల, అనుమతితో పునర్వివాహమును విధించుట గమనింపదగినది. ఇచట వివాహవిషయమున రాజ్యాధికారము ప్రవేశించినది.

పరాశరస్మృతి పునర్వివాహమునకు ఐదు ఆపదలను పేర్కొన్నది. వానిలో మొదటిది భర్త ‘నష్టుడు’ అగుట, అనగా కానరాకుండుట, రెండవది మరణము. ఈ శ్లోకములోని ‘పతౌ’ అను రూపముపై గొప్ప వాదము జరిగినది. పతిశబ్దమునకు సప్తమి ‘పత్యౌ’ కావలెను గనుక ఇచట ‘అపతౌ’ అని విడదీసి, నిశ్చితార్థము మాత్రమే జరిగిన వరునికి దీనిని పరిమితము చేయవలెనని యొక వర్గము వాదించినది. ఆర్షప్రయోగమని వేరొకవర్గము సమర్థించినది. ఒక అకారముపై నెందరి జీవితములో యాధారపడెను. విజయనగరకాలపు మాధవాచార్యుడు తన పరాశరవ్యాఖ్యలో ఈ విధి యుగాంతరవిషయమని త్రోసిపుచ్చెను.

ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు 1855లో నీ శ్లోకమునే ప్రమాణముగ గైకొనెను. మరుసటి సంవత్సరము పునర్వివాహశాసనము వెలువడినది. 1881 డిసెంబరు 11న వీరేశలింగముగారు రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహము జరిపించిరి. కాని యా శాసనము వితంతువునకే వర్తించినది. శ్లోకమున రెండవదైన మరణము చట్టమున కెక్కినది. మొదటిదైన అదృశ్యము బయటనే మిగిలినది.

ఇది మన తీరమునకు దూరపు సమస్య కాదు. కోరంగి మొదలగు రేవులనుండి తెలుగువారు కూలికై రంగూనునకును, ఇతర దూరదేశములకును వెళ్లిరి. 1942లో జపాను సేనలు రంగూనును పట్టుకొన్నప్పుడు వేలకొలది భారతీయులు కాలినడకను బయలుదేరిరి. దారిలో మరణించినవారు పెక్కుమంది. మారుమనువు ఆచారముగల కులములలో స్త్రీకి కొంత వెసులుబాటు కలదు. అది లేని కులములలో నిరీక్షణకు అవధియే లేదు.

1872 సాక్ష్యచట్టము 108వ విభాగము 7 సంవత్సరములు వార్త లేనివాడు జీవించియున్నాడని నిరూపించు భారమును అట్లు చెప్పువారిపై నుంచినది. 1939 ముస్లిమ్ వివాహరద్దు చట్టము మాలికీ సంప్రదాయము ననుసరించి 4 సంవత్సరముల గడువు నంగీకరించినది. తీర్పు 6 మాసములవరకు అమలు కాదు, ఆలోపల భర్త తిరిగివచ్చి దాంపత్యధర్మమునకు సిద్ధపడినచో రద్దగును. హిందూస్త్రీకి 1955 హిందూ వివాహచట్టము 13వ విభాగము 7 సంవత్సరముల అదృశ్యమును విడాకులకు కారణముగ చేసినది. పరాశరుని మొదటి పదము ఇట్లు, వితంతుశాసనమునకు 99 సంవత్సరముల పిదప, చట్టమున స్థానము పొందినది.

అయినను ఒక భేదమును మరువరాదు. గడువు గడచినంతమాత్రమున వివాహము తనంత తాను రద్దు కాదు. న్యాయస్థానపు తీర్పు కావలెను. జాడలేనివానికి సమను అందదు గనుక అతని కడపటి నివాసమున ప్రతి నంటించుటయో, పత్రికలో ప్రకటించుటయో విధి. 2024 జులై 1నుండి సాక్ష్యచట్టమునకు బదులు భారతీయ సాక్ష్య అధినియమము అమలులోనికి వచ్చినను, 7 సంవత్సరముల నియమము 111వ విభాగమున నిలిచియే యున్నది.

ధర్మశాస్త్రకారుడు గడువును భర్త వెళ్లిన ప్రయోజనమునుబట్టియో, స్త్రీ వర్ణసంతానములనుబట్టియో కొలిచెను. నేటి శాసనము వార్త లేమినిబట్టియే కొలుచుచున్నది. కొలత మారినది; కాని వేచియుండు సంవత్సరములు నేటికిని ఆమెవే.